తెల్లాకు మొక్కకు మందు సంచి విప్పేముందు

నిడమనూరు దగ్గర మా మేనమామకు బత్తాయి తోట ఉంది. తోట పక్కనే చిన్న నారుమడి. అందులో రంగపూర్ నిమ్మ గింజలు పోసి, మొలిచిన మొక్క పెన్సిలంత లావయ్యాక దాని మీద బత్తాయి కన్ను కడతారు. నేను ఇంటర్ చదివే రోజుల్లో సెలవులకు పోతే ఆ మడిలో మూడు తెల్ల మొలకలు కనిపించాయి. కాండం తెలుపు, ఆకులు తెలుపు, పాలలో ముంచి తీసినట్టు. చుట్టూ ఉన్నవన్నీ పచ్చగా నవనవలాడుతున్నాయి. "బలం తక్కువైంది, ఇంత యూరియా వేస్తే పచ్చగైతది" అన్నాడు మామ. "చక్కెర నీళ్లు పోస్తే బతుకుతదేమో" అంది అత్తమ్మ. ఇద్దరి మాటా కాదనలేక ఒకదానికి యూరియా వేశాను, ఇంకోదానికి చక్కెర నీళ్లు పోశాను. యూరియా వేసింది నాలుగు రోజుల్లో మాడిపోయింది. చక్కెర నీళ్లు తాగినదానికి చీమలు పట్టి, మొదలు కుళ్లి పడిపోయింది. మేం ముట్టుకోని మూడోది అన్నిటికన్నా ఎక్కువ రోజులు బతికింది. చివరికి అదీ పోయింది.

ఇప్పుడు మా డాబా మీద తెల్లచారల మొక్కలే ఇరవై దాకా ఉన్నాయి. చూడడానికి వచ్చినవాళ్లు ఇప్పటికీ ఆ రెండు మాటలే అంటారు: బలం లేదు, మందు వేయండి. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో, మడిలో, చేనులో ఆకు తెల్లగా కనిపిస్తే ఏం చూడాలి, ఏం చేయాలి, ఏం మానుకోవాలి అన్నది వరుసగా చెబుతాను.

చెయ్యి పెట్టేముందు: మందు వేరు, బువ్వ వేరు

మన దగ్గర ఎరువునూ మందే అంటాం, పురుగుకు కొట్టేదాన్నీ మందే అంటాం, జ్వరానికి మింగేదీ మందే. గందరగోళంలో సగం ఆ మాటలోనే ఉంది. మందు వేస్తే మొక్క తిని పెరుగుతుందని అనుకుంటాం. మొక్క తినేది మందు కాదు. ఎండబెట్టిన మొక్క బరువులో దాదాపు 95 శాతం కర్బనం, ఆక్సిజన్, హైడ్రోజన్. ఇవి గాలి నుంచి, నీళ్ల నుంచి వస్తాయి. నేల నుంచి వచ్చే నత్రజని, భాస్వరం, పొటాష్, ఇనుము, జింకు అన్నీ కలిపినా మిగిలిన ఆ కొద్ది శాతమే.

దీన్ని తూకం వేసి చూసినాయన ఒకాయన ఉన్నాడు, వాన్ హెల్మాంట్ అని, ఇప్పటి బెల్జియం ప్రాంతంవాడు. తొట్టిలో సుమారు 90 కిలోల ఎండు మట్టి పోసి, రెండుంపావు కిలోల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 76 కిలోలు దాటింది. మట్టిని ఎండబెట్టి మళ్లీ తూస్తే తగ్గింది 60 గ్రాముల లోపే. ఆయన చనిపోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. చెట్టంతా నీళ్లతోనే అయిందని ఆయన అనుకున్నాడు. గాలి సంగతి ఆయనకు తట్టలేదు. మట్టి మాత్రం తిండి కాదని అప్పుడే తేలిపోయింది.

మొక్క బువ్వ అంటే చక్కెర. దాన్ని వండేది ఆకులోని పత్రహరితం, అంటే ఆకుకు పచ్చరంగునిచ్చే పదార్థం, ఎండ వెలుగుతో. ఒక్కో పత్రహరితం అణువులో నాలుగు నత్రజని, ఒక మెగ్నీషియం ఉంటాయి. ఇనుము అందులో ఉండదు కానీ, అది తయారవ్వాలంటే ఇనుము కావాలి. అంటే మందు పొయ్యి కట్టడానికి పనికొచ్చే ఇటుక, మట్టి లాంటిది. పుట్టుకతోనే తెల్లగా ఉన్న ఆకులో ఆ పొయ్యి కట్టే పనితనమే చెడిపోయి ఉంటుంది. ఇటుకలు ఎన్ని తెచ్చి వాకిట్లో పోసినా పొయ్యి లేవదు. నీళ్లూ, లవణాలూ ఆ తెల్లాకుకు మామూలుగానే అందుతున్నాయి, దానికి కొరత అక్కడ లేదు.

మరి ఎలా బతుకుతోంది? పక్కన ఉన్న పచ్చభాగం వండి పంపుతోంది. ఇదేమీ వింత కాదు. వేర్లు తెల్లవే కదా, ఉల్లిగడ్డ తెల్లదే కదా, మల్లెపువ్వు తెల్లదే కదా. అవన్నీ ఆకులు పంపిన చక్కెరతోనే బతుకుతున్నాయి. మల్లెపువ్వు తెల్లగా ఉందని ఎవరూ యూరియా వేయరు.

మొదటి పని: ఇది ఏ తెలుపో తేల్చండి

దీనికి వారం పది రోజులు పడుతుంది. ఓపిక పట్టండి, ఇక్కడ తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

ముందుగా వెలుతురు పరీక్ష. దేవరకొండ వైపు తండాల్లో తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచడం చూసే ఉంటారు. నీడలో పెరిగిన మొలక లేత పసుపుగా, పొడుగ్గా సాగి ఉంటుంది. దానికి రోగం లేదు, వెలుతురు తగల్లేదు, అంతే. మీ మొలక గోనెపట్టా కిందో, గంప కిందో ఉండి పాలిపోతే, వెలుతురున్న చోట రెండు మూడు రోజులు ఉంచండి. పచ్చబడితే విషయం అక్కడితో అయిపోయింది. పచ్చబడకపోతేనే ముందుకు పోండి.

తర్వాత రంగు ఎక్కడ మొదలైందో చూడండి. ముదురాకులు మొత్తంగా పసుపైతే నత్రజని లోపం, ఎందుకంటే మొక్క పాత ఆకులోంచి నత్రజని లాగి కొత్తాకుకు ఇస్తుంది. ముదురాకుల్లోనే ఆకు ఈనెలకు మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం లోపం కావచ్చు. ఇనుము లోపం దీనికి తలకిందులు: ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపవుతుంది, అదీ చిగురాకుల్లో. ముదిరితే ఆకు దాదాపు తెల్లకాగితమైపోతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. పాలమూరు వైపు వేరుశనగ వేసేవాళ్లకు ఈ రంగు బాగా తెలుసు. నేలలో ఇనుము ఉంటుంది, సున్నం వల్ల వేరుకు అందదు. బత్తాయిలో ఆకులు చిన్నవై, పచ్చ పసుపు మచ్చలుగా ఉంటే జింకు లోపాన్ని అనుమానించండి.

ఇనుము లోపమా, పుట్టుచారా (పుట్టుకతో వచ్చిన తెలుపా) అని తేల్చుకోలేకపోతే ఒక చిన్న పని ఉంది. నాకు అన్ని పరీక్షల్లోకీ ఇదే ఇష్టం. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపండి. నిమ్మ ఉప్పు లేకుండా కలిపితే నీళ్లు కాసేపటికే తుప్పురంగుకు తిరిగి పనికిరాకుండా పోతాయి. అప్పటికప్పుడు కలుపుకోండి. సాయంత్రం, ఎండ తగ్గాక, తెల్లబడ్డ చిగురాకు ఒకటి తీసుకుని సగానికి మాత్రమే దూదితో రాయండి. మిగతా సగం ముట్టుకోవద్దు. ఏ ఆకో మర్చిపోకుండా కాడకు దారం కట్టండి. వారంలో రాసిన సగం పచ్చబడి, రాయని సగం అలాగే ఉంటే అది ఇనుము లోపం, మొక్కంతా పిచికారీ చేయొచ్చు. రెండు సగాలూ కదలకుండా అలాగే ఉంటే అన్నభేది డబ్బా పక్కన పెట్టేయండి.

మూడోది, అంటుకునే తెలుపు. పెసర, మినుములో ఆకులు పసుపు మచ్చలుగా మెరిస్తే పల్లాకు తెగులు. బెండలో ఈనెలే పసుపు వలలా కనిపిస్తాయి. రెండూ వైరస్‌లే, రెంటినీ తెల్లదోమ మోస్తుంది. వీటికి ఏ ఎరువూ మందు కాదు. తొలిదశలో కనిపించిన మొక్కల్ని పీకి పూడ్చేయాలి, దోమను అదుపు చేయాలి. కుండీలోని తెల్లచారల మొక్క నుంచి బెండకు ఇది వస్తుందని భయపడి చాలామంది మంచి మొక్కల్ని పారేస్తారు. పుట్టుచారలు అంటుకోవు. అయితే చారలన్నీ పుట్టుకతో వచ్చినవే అనుకోకండి. అలంకారానికి పెంచే కొన్ని అబుటిలాన్ మొక్కల ఆకుల మీద కనిపించే పసుపు మచ్చలు వైరస్ వల్ల వచ్చినవే, అంటు కడితే పక్క మొక్కకు పోతాయి.

ఇంకొకటి చేను పక్కన ఉన్నవాళ్లకు. మొక్కజొన్నలో కొట్టే టెంబోట్రయోన్ లాంటి కలుపు మందు గాలికి కొట్టుకొచ్చి పడినా కొత్త ఆకులు తెల్లబడతాయి. ఉన్నట్టుండి ఒకే వైపు మొక్కలన్నీ తెల్లబడ్డాయంటే పక్క చేలో ఏం కొట్టారో అడగండి.

ఇవేవీ కాకుండా మొలక మొత్తం తెల్లగా ఉంటే అది అల్బినో. ఆకులో పచ్చ, తెలుపు కలిసి, ఏళ్ల తరబడి అలాగే ఉంటే అది చారల మొక్క, నర్సరీ వాళ్లు వేరిగేటెడ్ అంటారు. ఎర్ర ఆకులు ఈ లెక్కలోకి రావు. ఎర్ర తోటకూరను ఉడకబెట్టి చూడండి, ఎరుపు నీళ్లలోకి దిగిపోతుంది, ఆకు పచ్చగా బయటపడుతుంది. పచ్చదనం ఎరుపు వెనక దాక్కుని పని చేసుకుంటూనే ఉంది.

రెండో పని: మొత్తం తెల్ల మొలక అయితే

వదిలేయండి. చెప్పడానికి కష్టంగానే ఉంటుంది, కానీ చేయగలిగింది లేదు. గింజలో దాచిన తిండి ఉన్నన్నాళ్లు అది పెరుగుతుంది. వరి, జొన్న, మొక్కజొన్న అయితే రెండు వారాలు, అటూ ఇటూ. మామిడి టెంకలో నిల్వ ఎక్కువ గనక ఇంకొన్నాళ్లు. నిల్వ అయిపోయిన రోజున అయిపోతుంది.

చక్కెర నీళ్లు ఎందుకు పనిచేయవు? వేరు నీళ్లూ లవణాలూ లాగడానికి ఉన్నది. మట్టిలో పోసిన చక్కెరను దానికంటే ముందు సూక్ష్మజీవులు, బూజు, చీమలు తినేస్తాయి. పెరిగిన బూజు వేరునే కుళ్లబెడుతుంది. ల్యాబుల్లో మాత్రం తెల్ల మొలకల్ని గాజుసీసాలో, చక్కెర కలిపిన జెల్లీ మీద బతికిస్తారు. వరి పుప్పొడితిత్తుల నుంచి మొక్కలు తీసేటప్పుడు అలాంటి తెల్లవి చాలానే వస్తాయి. అక్కడ ఒక్క క్రిమి కూడా లేకుండా అంతా శుద్ధి చేసి ఉంటుంది. మన కుండీలో ఆ పని సాగదు.

"మరి అడవుల్లో తెల్ల చెట్లున్నాయంట కదా" అని అడుగుతారు. ఉన్నాయి. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ చెట్ల మొదళ్ల దగ్గర పూర్తి తెల్లటి కొమ్మలు పెరుగుతాయి. వాటి వేరు తల్లిచెట్టుదే, తిండి కూడా తల్లిదే. విడదీస్తే బతకవు. కొన్ని ఆర్కిడ్లలోనూ తెల్లవి బతుకుతాయి, వాటికి వేళ్లలోని శిలీంధ్రం పక్క చెట్ల చక్కెరను మోసుకొచ్చి ఇస్తుంది. మన దగ్గర కంచెల మీద అల్లుకునే బంగారు తీగ ఇంకో దారి పట్టింది, పక్క మొక్కలో పీకలు దించి తాగుతుంది. దారి ఏదైనా ఎక్కడో ఒక పచ్చాకు వండాల్సిందే. మట్టిలోంచి తిండి తీసుకునే తెల్ల మొక్క లేదు.

నిమ్మజాతి నారుమడి ఉన్నవాళ్లు మాత్రం తెల్ల మొలకల్ని లెక్కపెట్టుకోండి. ఒకటీ అరా వస్తే జన్యువుల్లో తేడా అనుకోవచ్చు. మడి మడికీ గుంపులుగా వస్తే గింజ పైపొర మీద పెరిగిన బూజు కారణం కావచ్చు. ఆల్టర్నేరియా, ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రాలు వదిలే విషం మొలకలో పత్రహరితం తయారవ్వకుండా ఆపేస్తుంది. దీనికి యూరియా కాదు, గింజ దగ్గర జాగ్రత్త కావాలి. నేల రాలిన కాయల నుంచి గింజ తీయొద్దు. చెట్టు మీది పండిన కాయ కోసి, గింజకు అంటిన జిగురంతా పోయేదాకా కడిగి, నీడలో ఆరబెట్టి, థైరమ్ లాంటి మందుతో విత్తనశుద్ధి చేసి పోయండి. మోతాదు డబ్బా మీద చూడండి. మామ ఆ మరుసటేడు కడిగి పోశాడు. ఫలితం గురించి ఇద్దరం గొప్పలు చెప్పుకోలేం, ఎందుకంటే ముందటేడు లెక్క రాసుకోలేదు.

మూడో పని: ఒక్కసారి కళ్లతో చూడండి

ఇది తప్పనిసరి కాదు. కానీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే చేయండి, "మందు వేయండి" అనే పెద్దవాళ్లకు చూపించండి.

కోలియస్ గానీ, తెల్లచారల మనీప్లాంట్ గానీ, రోజంతా వెలుతురులో ఉన్న ఆకు ఒకటి సాయంత్రం కోయండి. కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, తెలుపు ఎక్కడెక్కడ ఉందో గుర్తు పెట్టుకోండి. ఆకును మరుగుతున్న నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయండి. ఇప్పుడు పొయ్యి ఆర్పేయండి. స్పిరిట్‌కు మంట తగిలితే భగ్గుమంటుంది, కాబట్టి ఆర్పాకే ముందుకు పోవాలి. చిన్న గ్లాసులో ఆకు మునిగేంత సర్జికల్ స్పిరిట్ పోసి, ఆకు అందులో వేసి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. పావుగంటలో స్పిరిట్ పచ్చగా, ఆకు తెల్లగా అవుతుంది. నీళ్లు చల్లారితే మార్చండి. తర్వాత ఆకును వేడినీళ్లలో కడిగి, పళ్లెంలో పరిచి, మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌ను కాసిన్ని నీళ్లలో కలిపి చుక్కలుగా వేయండి.

ముందు పచ్చగా ఉన్నచోట నీలినలుపు తేలుతుంది. తెల్లగా ఉన్నచోట అయోడిన్ గోధుమరంగే మిగులుతుంది. కాగితం మీది బొమ్మతో పోల్చి చూడండి, గీత గీసినట్టు సరిపోతుంది. నీలినలుపు వచ్చినచోట పిండి పదార్థం ఉంది, అంటే అక్కడ వంట జరిగింది. మా నాన్న ఆ ఆకును కిటికీ దగ్గర వెలుగుకు పట్టి చాలాసేపు చూసి, "అయితే ఈ తెల్లది కూసొని తింటదన్నట్టు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

నాలుగో పని: చోటు మార్చండి

కూర్చుని తినే భాగం ఎక్కువున్న ఇంట్లో వండేవాళ్లకు పని ఎక్కువ. అందుకే చారల మొక్కకు, అదే జాతి పచ్చ మొక్క కంటే ఎక్కువ వెలుతురు కావాలి. హాల్లో టీవీ పక్కన మూల పెడితే మెల్లగా పాలిపోతుంది, కొత్తాకులు చిన్నవవుతాయి. అప్పుడూ జనం మందే వేస్తారు.

వెలుతురంటే నెత్తిన ఎండ కాదు. నల్లగొండ మే నెల ఎండకు తెల్లభాగం ముందు మాడుతుంది, ఎండ దెబ్బను కాచుకునే రంగులు దానిలో తక్కువ. మాడినచోట ఎండు కాగితంలా గోధుమరంగు వస్తుంది. అది తెగులని మందు కొట్టేవాళ్లనూ చూశాను. ఉదయం తొమ్మిది దాకా ఎండ తగిలే తూర్పు వాకిలి అన్నిటికన్నా మంచిది. డాబా మీదైతే మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం నీడవల కట్టండి. వానలు పడి మబ్బు పట్టాక వల తీసేయండి. చాలామంది కట్టడం గుర్తుపెట్టుకుంటారు, తీయడం మర్చిపోతారు.

ఐదో పని: నీళ్లు ఎక్కడివో చూసుకోండి

ఇది మన నల్లగొండ వైపు వాళ్లు ప్రత్యేకంగా చదవాల్సింది. స్పైడర్ ప్లాంట్, సాంగ్ ఆఫ్ ఇండియా లాంటి డ్రసీనాలు, కార్డిలైన్ మొక్కలు ఫ్లోరైడ్‌ను తట్టుకోలేవు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. ఆ బోరు నీళ్లే రోజూ పోస్తే ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగి, మాడు లోపలికి పాకుతుంది. తెల్ల అంచులున్న ఆకుల్లో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. "తెల్లది కదా, బలం లేక ఎండుతోంది" అనుకుని సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. సూపర్‌లో కూడా కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. పుండు మీద కారం అంటే ఇదే.

ఈ మొక్కలకు నల్లా నీళ్లు గానీ, డాబా మీద పట్టిన వాన నీళ్లు గానీ పోయండి. వాన నీళ్లు ఒక డ్రమ్ముడు దాచుకుంటే పది కుండీలకు చాలారోజులు వస్తాయి. ఆర్‌వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని వీటికి పోయకండి, వడకట్టి తీసేసిన ఉప్పులూ ఫ్లోరైడూ అన్నీ ఆ నీళ్లలోనే చేరి ఉంటాయి. అవి బాత్రూం కడుక్కోవడానికి వాడుకోండి. మాడిన కొస మళ్లీ పచ్చబడదు. కత్తెరతో ఆకు ఆకారంలోనే కత్తిరించేయండి, కొత్తాకులు బాగా వస్తే నీళ్లు కుదిరినట్టే.

ఆరో పని: ఇప్పుడు మందు, అదీ సగమే

వద్దనడం లేదు. పచ్చభాగం పనిచేయాలంటే లవణాలు కావాలి. కానీ చారల మొక్క మెల్లగా పెరుగుతుంది, మెల్లగా వాడుకుంటుంది. పచ్చ మొక్కకు వేసినంత వేస్తే మిగిలిన ఉప్పు మట్టిలో పేరుకుని ఆకు అంచులు మాడతాయి.

నేను చేసేది: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు. ఏడాదికోసారి పైమట్టి మార్చడం. పెరిగే కాలంలో, అంటే వానాకాలం మొదలు నుంచి దసరా దాకా, నెలకోసారి లీటరు నీళ్లకు 1 గ్రాము 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు). చలికాలం, నడి ఎండాకాలం ఏమీ వేయను. యూరియా అసలు ఈ కుండీల దగ్గరికి రానివ్వను. దానికో కథ ఉంది. తెల్లచారల మందారం ఒకటి మూడు వందల యాభై పెట్టి కొని, తొందరగా పెద్దది కావాలని రెండు వారాలకోసారి చెంచాడు యూరియా వేశాను. నెలన్నరలో మొదట్లోంచి పచ్చటి కొమ్మ ఒకటి తాటిచెట్టులా లేచింది. చారల కొమ్మలేమో అంచులు మాడి అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మామూలు పచ్చ మందారం.

పాలు, గుడ్డు పెంకుల పొడి, ఎప్సమ్ సాల్ట్ వేస్తే తెల్లచారలు పెరుగుతాయని వీడియోల్లో చెబుతున్నారు. చార ఎక్కడ రావాలో మొగ్గ కొసలోని కణాలు తేలుస్తాయి. పాలు పోస్తే పెరిగేది వాసన.

ఏడో పని: కత్తెర, కొమ్మ

చారల మొక్కలో పూర్తి పచ్చ కొమ్మ వస్తే సంతోషించకండి. అది తన తిండి తనే వండుకుంటూ వేగంగా పెరిగి, మిగతా మొక్కను మింగేస్తుంది. కనిపించినరోజే, చారలున్న కణుపు దాకా వెనక్కి కత్తిరించండి. పూర్తి తెల్ల కొమ్మ దీనికి వ్యతిరేకం. చూడడానికి అందంగా ఉంటుంది, మొక్కకు భారం. బలమైన మొక్క మీద ఒకటి రెండు తెల్లాకులు ఉండనివ్వొచ్చు. తీగజాతిలో వరసగా మూడు ఆకులు పూర్తి తెల్లగా వస్తే, రెండు రంగులూ ఉన్న చివరి కణుపు దగ్గర కోసేయండి.

నాటడానికి కొమ్మ ఎంచుకునేటప్పుడు ఆకును కాదు, కాండాన్ని చూడండి. కణుపు దగ్గర, మొగ్గ ఉన్నవైపు తెలుపు, పచ్చ రెండు చారలూ కనిపించాలి. ఆ మొగ్గే కొత్త కొమ్మ. తెల్ల కొమ్మ కోసి నాటితే నీళ్లలో కొన్నాళ్లు నిలబడి, వేరు పోసుకునే బలం లేక పోతుంది. నర్సరీల్లో "ఫుల్ వైట్" అని ఎక్కువ ధర చెప్పేది ఇదే, కొనకండి.

పసుపు అంచుల స్నేక్ ప్లాంట్‌ను ఆకు ముక్కలతో పెంచితే పిల్లలు పచ్చగా వస్తాయి, అంచు పోతుంది. దుంప విడదీసి నాటాలి.

బత్తాయి తోటలో ఒక చెట్టుకు ఒకే కొమ్మ చారలుగా వస్తే కంగారుపడి చెట్టు కొట్టకండి. మొదటి పనిలో చెప్పిన దూది పరీక్ష చేసి, లోపం కాదని తేలితే, ఇష్టమైతే ఉంచండి, లేదంటే ఆ కొమ్మ తీసేయండి. పక్క చెట్టుకు పోదు. అనుమానం మిగిలితే కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగొచ్చు. ఆకు ఒక్కటే కాదు, కొమ్మ ఫోటో, చెట్టు మొత్తం ఫోటో కూడా పట్టుకుపోండి.

ఓపికున్నవాళ్లకు: చంద్రకాంత గింజలు

చారల మొక్క గింజలు వేస్తే చారలే వస్తాయా అని అడుగుతారు. మామూలుగా నమ్మకం లేదు, ఆన్‌లైన్‌లో చారల మొక్కల గింజలు అమ్మేవాళ్ల మాట అందుకే నమ్మొద్దు. ఒక సరదా మినహాయింపు మన వాకిళ్లలోనే ఉంది. చంద్రకాంతలో ఆకులు తెల్లచారలుగా వచ్చే రకం ఒకటుంది. పువ్వు మీద రెండు రంగులుండేది కాదు, ఆకు మీద ఉండేది. ఆ చెట్టు మీద పూర్తి పచ్చ కొమ్మ, పూర్తి తెల్ల కొమ్మ, చారల కొమ్మ మూడూ కనిపిస్తాయి. 1909లో కారెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ మూడు కొమ్మల గింజల్ని వేరువేరుగా మొలిపించాడు. పచ్చ కొమ్మ గింజకు పచ్చ మొక్క, తెల్ల కొమ్మ గింజకు తెల్ల మొక్క, చారల కొమ్మకు మూడు రకాలూ వచ్చాయి. పుప్పొడి ఏ కొమ్మదన్న దానితో పనిలేకపోయింది. ఆ గుణం తల్లి నుంచే వస్తుంది.

మీకు అలాంటి చెట్టు దొరికితే, మిరియాల్లాంటి ఆ నల్లగింజలు మూడు పొట్లాల్లో విడిగా కట్టి, ఏ కొమ్మవో మీద రాసిపెట్టండి. మృగశిర కార్తెలో మూడు ట్రేల్లో వేయండి. తెల్ల కొమ్మకు గింజలు తక్కువే దొరుకుతాయి, దొరికినవన్నీ వేసేయండి. ఆ ట్రే మొలిచిన వారంలోపే ఫోటో తీసుకోండి, తర్వాత తీయడానికి మొక్కలుండవు.